వదిన అడిగిన కొలత

మా వదిన చేసిన కాళ్ళ మీద ఈ ఊళ్ళో కనీసం రెండు వందల మంది నడుస్తున్నారు. ముందుగా ఈ సంగతి చెప్పడానికి కారణం ఉంది. ఆమె ఆపరేషన్ గురించి విన్న ప్రతివాళ్ళూ "సోకులకు పోయింది, అనుభవించింది" అని ఒక మాట విసిరేసి పోతున్నారు. ఆ మాట అన్నవాళ్ళలో ఒక్కరికీ ఆమె ఏం పని చేస్తుందో, ఏం అడిగిందో, ఏం జరిగిందో తెలియదు. నాకు తెలుసు. మొదటి రోజు నుంచీ పక్కనే ఉన్నాను.

పెద్దాసుపత్రి వెనక, బట్టలు ఉతికే గదికీ జనరేటర్ షెడ్డుకీ మధ్య ఒక పొడుగాటి హాలు ఉంది. అక్కడ కృత్రిమ కాళ్ళు, చేతులు తయారుచేస్తారు. మా వదిన పదిహేడేళ్ళుగా అక్కడే పని. కాలు పోగొట్టుకున్న మనిషి వస్తే, మిగిలిన భాగానికి తడి ప్లాస్టర్ పట్టీలు చుట్టి అచ్చు తీస్తుంది. అది ఆరాక అందులో పోత పోసి, ఆకురాయితో అరగదీసి, దాని మీద తొడుగు చేస్తుంది. ఇంటికొచ్చేసరికి కనుబొమల్లో కూడా తెల్లటి పొడి ఉంటుంది. తోటివాళ్ళు ఆమెను కొలతలమ్మ అంటారు. ఆ పేరు ఎగతాళిగానే పెట్టారు గానీ, ఇప్పుడు డాక్టర్లు కూడా అలాగే పిలుస్తున్నారు.

ఒకసారి మధ్యాహ్నం క్యారియర్ ఇవ్వడానికి వెళ్ళాను. ఒక లారీ డ్రైవరు కొత్త కాలు తొడుక్కుని రెండు కమ్మీల మధ్య అటూ ఇటూ నడుస్తున్నాడు. బాగానే ఉందమ్మా అంటున్నాడు. వదిన అతని కాలు చూడటం లేదు, మొహం చూస్తోంది.

"ఎక్కడ నొక్కుతోంది?" అంది.

"ఏం లేదమ్మా. కొంచెం లోపల వైపు. సర్దుకుపోతాను."

"నువ్వెందుకు సర్దుకుపోతావు? సర్దాల్సింది దాన్ని. తియ్యి."

విప్పించి, తొడుగు లోపల పెన్సిలుతో గుర్తు పెట్టి, మళ్ళీ ఆకురాయి అందుకుంది. ఆ కాలు ఆ రోజుకి నాలుగోసారి విప్పడం. క్యారియర్‌లో అన్నం చల్లారిపోయింది.

ఇలాంటి మనిషికి, తన ఒంటి మీదే ఒక తేడా ఉండేది. ఆమె ఎడమ రొమ్ము ఎదగలేదు. పదమూడో ఏట కుడివైపు మొదలైంది, ఎడమవైపు మొదలవలేదు. అదే వస్తుందిలే అంది వాళ్ళమ్మ. రాలేదు. అది జబ్బు కాదు, కొందరికి పుట్టుకతోనే అలా ఉంటుందిట. దాన్ని గురించి ఎవరూ మాట్లాడరు కాబట్టి తనొక్కదానికే అలా ఉందనుకుంది, ముప్పై దాటేదాకా. మా మేనకోడలికి ఒకవైపే పాలిచ్చి పెంచింది. ఆ రోజుల్లోనే నాకు తెలిసింది. మా ఇంట్లో అన్నయ్యకు తెలుసు, నాకు తెలుసు, మూడో మనిషికి తెలియదు.

మొదట్లో పాత గుడ్డలతో, ఈ పనిలో చేరాక తొడుగుల లోపల పరిచే మెత్తటి స్పాంజి ముక్కలు మిగిలితే వాటితో, తనే ఒక దిండు కుట్టుకునేది. ఇరవై ఏడేళ్ళలో అలాంటివి ఎన్ని కుట్టిందో. అచ్చు తీయడానికి వంగితే అది పక్కకు జారుతుంది. చేతుల నిండా ప్లాస్టరు. సామాన్ల గదిలోకి వెళ్ళి, చేతులు కడుక్కుని, సర్దుకుని మళ్ళీ రావాలి. ఈలోగా రోగి కాలి మీద ప్లాస్టరు గట్టిపడిపోతుంది. ఎండాకాలం దాని కింద చర్మం ఒరుసుకుని ఎర్రగా పొక్కేది. వదిన అందం గురించి ఒక్కనాడూ మాట్లాడలేదు. "నా ధ్యాస ఎప్పుడూ అక్కడే ఉంటుందే. పని మీద సగమే పెడుతున్నాను" అంది, అంతే.

నలభయ్యో ఏట, ఎడమవైపు లోపల సిలికాన్ తిత్తి, ఇంప్లాంట్ అంటారు, అది పెట్టే ఆపరేషన్ చేయించుకుంటానంది. అన్నయ్య "నీ ఇష్టం" అని ఫోనులోకి తలదూర్చాడు. అమ్మకు చెప్పక తప్పలేదు, ఇంట్లో చూసుకోవాల్సింది ఆవిడే కాబట్టి. అమ్మ "ఈ వయసులో ఎవరు చూడొచ్చారమ్మాయ్?" అంది.

"నేను చూస్తాను అత్తయ్యా. రోజూ పొద్దున్నే."

ఎన్నాళ్ళు మంచం మీద ఉండాలో చెప్పమంది అమ్మ.

ఈ ఆపరేషన్లు చేసే ప్రైవేటు క్లినిక్కు వెళ్ళే ముందు తన కొలత తనకు తెలిసి ఉండాలంది వదిన. ఒక ఆదివారం వర్క్‌షాపు తలుపులు వేసుకుని, ఆమె ఛాతీకి వాసెలిన్ రాసి, పల్చటి గుడ్డ పరిచి, నేను తడి పట్టీలు అద్దాను. పది నిమిషాలు కదలకూడదు. నా చేతుల చల్లదనానికి ఆమె నవ్వింది, నేనూ నవ్వాను, అచ్చు పగిలింది. మళ్ళీ మొదలుపెట్టాం. రెండోది ఆరాక వెల్లకిలా పెట్టి, లోపల పల్చటి ప్లాస్టిక్ కాగితం పరిచి, కుడి గుంటలోనూ ఎడమ గుంటలోనూ గీత దాకా నీళ్ళు పోసి, కొలజాడీలోకి ఒంపింది. మూడుసార్లు చేసింది. రెంటికీ తేడా రెండు వందల పది మిల్లీలీటర్లు.

ఆ క్లినిక్ మూడో అంతస్తులో ఉంది. గోడల నిండా నవ్వుతున్న ఆడవాళ్ళ ఫోటోలు. కౌన్సెలర్ అనే ఒకమ్మాయి మా చేతుల్లో రంగుల పుస్తకం పెట్టి, "రెండు వైపులా చేయించుకుంటే ప్యాకేజీ ఉంది మేడమ్, చాలామంది అదే తీసుకుంటారు" అంది.

"నాకు కుడివైపు బాగానే ఉందమ్మా" అంది వదిన.

"ఎలాగూ మత్తు ఇస్తారు కదా మేడమ్. ఒకేసారి అయిపోతుంది."

"ఒక కాలు పోయినవాడికి ఎలాగూ వచ్చావు కదా అని రెండో కాలు కూడా తీసేస్తామా?"

ఆ అమ్మాయి పుస్తకం మూసింది.

డాక్టరు మెత్తగా మాట్లాడే మనిషి. చొక్కా మీద ఒక్క ముడత ఉండదు. వదిన సంచీలోంచి అచ్చు తీసి బల్ల మీద పెడితే, పిల్లలు మట్టితో చేసిన బొమ్మను చూసినట్టు చూశాడు. "బాగుందమ్మా, ఓపిక" అన్నాడు. వదిన లెక్క చెప్పింది. తనూ టేపు పెట్టి కొలిచి, అవును, రెండు వందల పది సరిపోతుందన్నాడు. కాగితం మీద రాశాడు: ఎడమవైపు మాత్రమే, గుండ్రటిది, రెండు వందల పది. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది.

తర్వాత వదిన ప్రశ్నలు మొదలుపెట్టింది. నేను రాసుకుంటున్నాను. నా ఉద్యోగం ప్రెస్సులో ప్రూఫులు దిద్దడం, కాగితం పెన్సిలు లేకుండా ఎక్కడికీ వెళ్ళను. ఎక్కడ కోస్తారు? రొమ్ము కింది మడతలో, రెండంగుళాలు. ఎక్కడ పెడతారు? ఛాతీ కండరం కింద. ఎంతకాలం ఉంటుంది? దీనికి "మీరు కంగారు పడకండి" అన్నాడు. అది జవాబు కాదని మళ్ళీ అడిగింది. అప్పుడు చెప్పాడు, జన్మంతా ఉండేది కాదని, పదేళ్ళకో పదిహేనేళ్ళకో మార్చాల్సి రావచ్చని. ఇంకా ఏమవ్వచ్చు? మళ్ళీ కంగారు పడకండి. మళ్ళీ అడిగితే ఒక్కొక్కటే బయటికొచ్చింది. మన ఒళ్ళు దాని చుట్టూ మచ్చలాంటి పొర కట్టుకుంటుందిట, కొందరికి ఆ పొర గట్టిపడి బిగుసుకుని నొప్పి పెడుతుందిట. లోపల చిరగవచ్చు, చిరిగినా పైకి తెలియకపోవచ్చు, అందుకని కొన్నేళ్ళకోసారి స్కానింగ్ తీయించుకోవాలి. చనుమొన దగ్గర స్పర్శ పోవచ్చు, తిరిగి రావచ్చు, రాకపోవచ్చు. చాలా అరుదుగా, కొన్ని రకాల వాటివల్ల ఆ పొరలో ఒకరకం కాన్సర్ కూడా రావచ్చు. మామూలు రొమ్ము పరీక్షలకు వెళ్ళినప్పుడు లోపల ఇది ఉందని ముందే చెప్పాలి.

"ఇన్ని అడిగేవాళ్ళు మాకు తగలరమ్మా" అని నవ్వాడు డాక్టరు.

తగలకపోతే చెప్పరా? అడగనివాళ్ళ సంగతేంటి? ఆ మాట అక్కడే అనాల్సింది. అనలేదు. వదిన మాత్రం అన్నీ విని, ఇంటికొచ్చి వారం ఆలోచించుకుని, సరే అంది.

ఆపరేషన్ రోజు పొద్దున్నే ఏడింటికి వెళ్ళాం. ముందు రోజు రాత్రి నుంచి మంచినీళ్ళు కూడా లేవు. ఆసుపత్రి గౌను వేసి, నిలబెట్టి, నీలం పెన్నుతో ఛాతీ మీద గీతలు గీశారు. చేతికి సూది గుచ్చాక, అప్పుడు తెచ్చారు అంగీకార పత్రం. పద్దెనిమిది పేజీలు. వదిన కళ్ళజోడు నా సంచీలో ఉంది. నేను చదవడం మొదలుపెట్టాను. నాలుగో పేజీలో ఉండగా కౌన్సెలరమ్మాయి వచ్చి, "అందరికీ ఇచ్చేదే మేడమ్, లోపల టైమవుతోంది" అని వదిన చేతికి పెన్ను ఇచ్చింది. అచ్చుతప్పు ఉంటుందేమోనని పెళ్ళి శుభలేఖ కూడా రెండుసార్లు చదివే మనిషిని నేను. ఆ రోజు పద్నాలుగు పేజీలు చదవకుండా వదిలేశాను. ఇది తలచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

గంటన్నర పట్టింది. మెలకువ వచ్చాక వదిన రెండుసార్లు వాంతి చేసుకుంది, మత్తు వల్ల అన్నారు. పక్కనుంచి సన్నటి గొట్టం, దాని చివర సీసా, అందులో ఎర్రటి నీళ్ళు. ఛాతీకి బిగుతుగా సాగే బాడీ తొడిగారు, ఆరు వారాలు రాత్రీ పగలూ విప్పకూడదు. "ఎవరో ఛాతీ మీద మోకాలు పెట్టి కూర్చున్నట్టుందే" అంది. మర్నాడు ఇంటికి పంపారు. మూడు దిండ్లకు ఆనుకుని వెల్లకిలా పడుకోవాలి, పక్కకు తిరగకూడదు. చేతులు భుజాల కంటే పైకి ఎత్తకూడదు, నీళ్ళ చెంబు కంటే బరువు ముట్టుకోకూడదు. నేను తల దువ్వేదాన్ని. ఎవరు చూడొచ్చారన్న మా అమ్మే రోజూ చొక్కా బొత్తాలు పెట్టేది, మొహం పక్కకు తిప్పుకుని. మూడో రోజుకి తిప్పుకోవడం మానేసింది.

అయిదో రోజు కట్టు మార్చడానికి వెళ్తే అక్కడ అద్దం ఉంది. వదిన చాలాసేపు చూసుకుంది.

"ఇది ఎక్కువ" అంది.

"వాపు మేడమ్" అంది కౌన్సెలరమ్మాయి.

వాపు గురించి మా వదినకు ఒకరు చెప్పక్కర్లేదు. కోసిన కాలు ఎంత వాస్తుందో, ఎన్నాళ్ళకు తీస్తుందో పదిహేడేళ్ళుగా చూస్తోంది. అందుకని గొడవ పెట్టుకోలేదు. మూడు నెలలు ఆగింది. మళ్ళీ వెళ్తే, ఇంకా వాపు ఉంది, ఆరు నెలలు ఆగమన్నారు. ఆరు నెలలూ ఆగింది. ఈలోగా చర్మం నిగనిగలాడేలా సాగి, కింద ఎప్పుడూ ఒక లాగుడు. సెలవు అయిపోయి మళ్ళీ పనిలోకి వెళ్ళిన రోజు పొద్దున నా గదిలోకి వచ్చింది. చేతిలో స్పాంజి దిండు. మంచం మీద కూర్చుని దాన్ని విప్పి సగానికి కత్తిరించుకుంటోంది.

"మళ్ళీ అదెందుకు వదినా?"

"కుడివైపుకి" అంది.

ఇరవై ఏడేళ్ళు ఎడమవైపు పెట్టుకున్న దిండుని, డబ్బిచ్చి కోయించుకుని, ఇప్పుడు కుడివైపు పెట్టుకుంటోంది. ఆమె ఏడవలేదు. నేనే కుక్కర్ పెట్టే నెపం మీద వంటింట్లోకి వెళ్ళి తలుపేసుకున్నాను.

ఆరు నెలలు నిండిన ఆదివారం మళ్ళీ వర్క్‌షాపులో అచ్చు తీశాం. ఈసారి ఎవరం నవ్వలేదు. నీళ్ళు పోసి ఒంపాం. ఎడమవైపు డెబ్భై మిల్లీలీటర్లు ఎక్కువ. మూడుసార్లూ డెబ్భై.

ఇంప్లాంట్ డబ్బాలో స్టిక్కర్లు వస్తాయి, ఎవరు చేశారో, నంబరెంతో, సైజెంతో వాటి మీద ఉంటుంది, ఒకటి కార్డు మీద అంటించి రోగికి ఇవ్వాలి. ఈ సంగతి వదినకు ముందే తెలుసు, కాళ్ళలో వేసే కీళ్ళకూ అలాగే వస్తాయి. దానికోసం నాలుగుసార్లు అడిగింది. పంపిస్తాం అన్నారు. సిస్టమ్ పని చేయట్లేదన్నారు. చివరికి కౌన్సెలరమ్మాయి, "అది మా ఫైల్లో ఉంటుంది మేడమ్, మీకెందుకు?" అంది. మిక్సీ కొంటే కార్డిస్తారు. గొడుగు కొన్నా చీటీ ఇస్తారు. మనిషి గుండెల మీద, తోలు కింద కుట్టేసిన వస్తువు నంబరు ఆ మనిషికెందుకుట.

డాక్టరును కలిసే రోజు నేనూ వెళ్ళాను. వదిన రెండు అచ్చులూ బల్ల మీద పెట్టింది. ఆయన ఈసారి నవ్వలేదు గానీ కుర్చీలో వెనక్కి వాలాడు.

"చూడమ్మా, పెద్దదైందని ఇంతవరకూ ఎవరూ కంప్లయింట్ చేయలేదు. మీవారేమంటున్నారు?"

"మావారి ఇష్టమైతే ఆయనకే పెట్టాల్సింది డాక్టరుగారూ."

ఆయన మొహం ఎర్రబడింది. ఆపరేషన్ బల్ల మీద సైజు నిర్ణయించేది డాక్టరేనని, ఆ షరతు మీద మీరే సంతకం పెట్టారని అన్నాడు. కాపీ ఇవ్వమన్నాను. ఇవ్వక తప్పలేదు.

మర్నాడు ప్రెస్సులో భోజనాల టైములో పద్దెనిమిది పేజీలూ ప్రూఫుల బల్ల మీద పరుచుకుని చదివాను. పదకొండో పేజీలో దొరికింది. "వైద్యపరమైన అవసరం ఏర్పడినప్పుడు, ఆ కారణాన్ని నమోదు చేసి, నిర్ణయించిన పరిమాణాన్ని మార్చే అధికారం వైద్యునికి ఉంటుంది." ఎర్ర పెన్సిలుతో రెండు చోట్ల గీశాను, అవసరం దగ్గరా, నమోదు దగ్గరా. ఆయన మాకు చెప్పింది చివరి సగం మాత్రమే.

ఆ తర్వాత వదిన చేసిన పని నేనైతే చేసేదాన్ని కాదు. సెలవు పెట్టి, క్లినిక్ తెరిచే వేళకు వెళ్ళి ముందు గదిలో కూర్చుంది. అరవలేదు, ఎవరితోనూ పోట్లాడలేదు. పక్కన కూర్చున్నవాళ్ళు ఎందుకొచ్చారని అడిగితే, నా లోపల ఏం పెట్టారో కార్డు తీసుకుపోదామని, అని చెప్పేది. అడగకపోతే ఊరుకునేది. అలా మూడు రోజులు. రెండో రోజు కాఫీ పంపారు. తాగింది. మూడో రోజు సెక్యూరిటీ అతన్ని పంపారు. అతను వచ్చి ఎదురుగా నిలబడి, ఆమెను పోల్చుకుని, "కొలతలమ్మా, మీరా?" అన్నాడు. వదిన చేసిన కాలితోనే వాళ్ళ నాన్న నడుస్తున్నాడుట. తిరిగి లిఫ్ట్ దగ్గరికి పోయి నిలబడ్డాడు.

ఆ మధ్యాహ్నం మెట్ల మీద ఒక నర్సు వదినను కలిసింది. ఆపరేషన్ రోజు లోపల ఉన్న నర్సే. చేతిలో మడిచిన కాగితం.

"ఆ రోజు రెండు వందల పది డబ్బా రాలేదక్కా" అంది. "కొరియర్ ఇంకో ఊరికి పోయింది. వాయిదా వేద్దాం సార్ అన్నాను. మీ తర్వాత ఇంకా ఇద్దరున్నారు. అల్మరాలో రెండు వందల ఎనభై ఉంది, ఎక్కువగా పోయేది అదే, స్టాకుంటుంది. అదే తెమ్మన్నారు. ఎక్కువైతే సంతోషిస్తుందిలే అన్నారు."

వదిన ఆ కాగితం విప్పింది. స్టిక్కర్ జిరాక్సు. ఎడమ. నంబరు. రెండు వందల ఎనభై.

ఎక్కువైతే సంతోషిస్తుందిలే. నాకు అన్నిటికంటే ఎక్కువ మండింది ఈ మాటకే. ఆయన పొరపాటు చేయలేదు. చెయ్యి జారలేదు. మా వదిన మత్తులో పడుకుని ఉంటే, ఆమె ఏమనుకుంటుందో ఆమె తరఫున ఆయనే అనుకున్నాడు. చెప్పుల కొట్లో ఆరో నంబరు లేదంటే ఏడో నంబరు తొడిగి పంపించరు కదా. పంపిస్తే మనం విప్పేసి వస్తాం. దీన్ని ఎలా విప్పడం?

డాక్టర్ల మీద ఫిర్యాదులు వినే మండలికి అర్జీ పెట్టాం. విచారణకు ఎనిమిది నెలలు పట్టింది. పొడుగాటి బల్ల వెనక ముగ్గురు సభ్యులు. డాక్టరు తన లాయరుతో వచ్చాడు. మాకు లాయరు లేడు, రెక్సిన్ సంచీలో రెండు అచ్చులూ, కొలజాడీ, రెండు సీసాల నీళ్ళూ ఉన్నాయి.

లాయరు ముందు మాట్లాడాడు. "ఇది ప్రాణం మీదికొచ్చి చేసిన ఆపరేషన్ కాదు. ఆవిడ అందం కోసం చేయించుకున్నారు. ఆరోగ్యంగా ఉన్నారు, ఉద్యోగం చేసుకుంటున్నారు. జరిగిన నష్టం ఏమిటో నాకు అర్థం కావడం లేదు."

వదిన లేచి నిలబడింది. "నేను కాళ్ళు చేస్తానండి" అంది. "రెండు సెంటీమీటర్లు పొడుగ్గా కాలు చేసి, ప్రాణం పోలేదుగా, నడువు అని పంపిస్తే నా ఉద్యోగం తీసేస్తారు. తీసెయ్యాలి కూడా."

తర్వాత అచ్చులు బల్ల మీద పెట్టి, ప్లాస్టిక్ పరిచి, నీళ్ళు పోసింది. కొంచెం ఒలికితే పైటచెంగుతో తుడిచింది. ఒంపి, జాడీ వాళ్ళ వైపు జరిపింది. అధ్యక్షుడు ముసలాయన, ఎముకల డాక్టరు. కుర్చీలోంచి లేచి వచ్చి, నడుం వంచి, నీటి మట్టానికి కళ్ళు సమానంగా పెట్టి చదివాడు.

"ఈ అచ్చులు ఎవరు తీశారు?"

"నేనూ, మా ఆడపడుచూనండి."

"ఆవిడ కూడా ఈ పనేనా?"

"కాదండి. ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతుంది. నేను చెప్తే పట్టీలు వేసింది."

ఆయన డాక్టరు వైపు తిరిగాడు. "సైజు మార్చాల్సిన అవసరం ఏమొచ్చిందో ఎక్కడ రాశారు?"

డాక్టరు ఫైలు తిప్పాడు. లాయరు కూడా తిప్పాడు. ఆపరేషన్ వివరాల కాగితంలో రెండు వందల ఎనభై అని ఉంది, ఎందుకో లేదు. మేం అర్జీకి జతచేసిన, నర్సు రాసిచ్చిన లేఖ చదివారు. "పేషెంటుకి అదే బాగుంటుందని..." అని మొదలుపెట్టి డాక్టరు మధ్యలో ఆగిపోయాడు.

తీర్పు నెల తర్వాత పోస్టులో వచ్చింది. మూడు నెలలు ప్రాక్టీసు చేయకూడదు. తీసుకున్న ఫీజు వాపసు ఇవ్వాలి. రాతపూర్వకంగా మందలింపు. మూడు నెలలు. వాపు తీస్తుందని మా వదినను మొదటి విడత ఆగమన్నది కూడా అంతే కాలం. ఆ మూడు నెలలూ అయిపోయాక ఆయన మళ్ళీ అదే మూడో అంతస్తులో, ముడత లేని చొక్కాతో కూర్చున్నాడు. అంటే నేను ఇది రాస్తున్న ఈ రోజుకి, కూర్చునే ఉన్నాడు.

రెండో ఆపరేషన్ పెద్దాసుపత్రిలో జరిగింది. అక్కడి సర్జనమ్మకు ముందు అంతా చెప్పాం. ఆవిడ అరగంట చేత్తో నొక్కి, కొలిచి, స్కానింగ్ చూసి, ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది.

"మళ్ళీ కోయాలి. మొదటిసారంత సులువు కాదు. లోపల పొర కట్టింది, కొంత తీయాలి. చర్మం సాగిపోయింది. చిన్నది పెట్టాక కింద మడత పడొచ్చు. రెండు వైపులా ఒకేలా వస్తుందని నేను మాటివ్వలేను."

"ఎంత తేడా రావచ్చండి?"

"చెప్పలేనమ్మా. నిజంగా తెలియదు."

బయటికొచ్చాక వరండాలో వదిన నా చెయ్యి పట్టుకుంది. "తెలియదంది చూశావా?" అంది. ఏడాదిన్నర తర్వాత ఆమె మొహంలో కాస్త వెలుతురు చూడటం అదే. తెలియనిది తెలియదని చెప్పినందుకే అంత సంతోషపడాల్సి వచ్చిందంటే, ఎంత హీనస్థితికి తెచ్చారో మనుషుల్ని.

అంగీకార పత్రం పది రోజుల ముందే ఇంటికిచ్చారు. ఇద్దరం మొత్తం చదివాం. ఆపరేషన్ రోజు మత్తు ఇవ్వకముందే సర్జనమ్మ సీలు తీయని డబ్బా తెచ్చి చూపించింది. వదిన కళ్ళజోడు పెట్టుకుని, రెండు వందల పది అని పైకి చదివి, సరే అంది. మళ్ళీ గొట్టం, మళ్ళీ మూడు దిండ్లు, మళ్ళీ అమ్మ బొత్తాలు పెట్టడం. ఈసారి నొప్పి ఎక్కువ రోజులుంది. కింద మడత పడింది, చనుమొన దగ్గర అరచేతిలో సగం మేర స్పర్శ ఇప్పటికీ లేదు. కొన్నేళ్ళ తర్వాత ఇది కూడా మార్చాల్సి రావచ్చని తెలుసు. కానీ దిండు లేకుండా పనికి వెళ్తోంది. రోగి కాలి మీద వంగితే వంగినట్టే ఉంటోంది, మధ్యలో లేచి సామాన్ల గదికి పరుగెత్తడం లేదు.

"చేయించుకున్నందుకు బాధగా ఉందా?" అని ఒకసారి అడిగాను.

"చేయించుకున్నందుకు లేదు. అడిగింది చేయనందుకు ఉంది. ఈ రెండూ కలిపెయ్యకు" అంది.

జనం కలిపేస్తూనే ఉన్నారు. మొన్న ఒక పెళ్ళిలో మా పెద్దమ్మ కూతురు నా చెవిలో, "ఉన్నదాంతో ఊరుకుంటే ఇదంతా ఉండేది కాదుగా" అంది. ఉన్నదాంతో ఊరుకోవాలని కాలు లేనివాడికి ఎవరూ చెప్పరు. పళ్ళు కట్టించుకున్న వాళ్ళకి చెప్పరు. ఆమె నోట్లో రెండు పళ్ళు కట్టించినవే. ఆ మాట అనేసి పక్క బంతిలో కూర్చున్నాను.

ఇంతటితో అయిపోయేదే. ఇవాళ ఆ నర్సు ఫోను చేసింది. ఆమెను పనిలోంచి తీసేశారు. క్లినిక్ కాగితాలు బయటివాళ్ళకు ఇచ్చిందని కారణం రాశారు. తొమ్మిదేళ్ళుగా అక్కడ పనిచేస్తోంది. డాక్టరుకు మూడు నెలలు, ఆమెకు జన్మంతా. వేరేచోట అడుగుదామంటే, ముందు ఎక్కడ చేశారు, ఎందుకు మానేశారు అని అడుగుతున్నారుట.

వదిన ఫోను పెట్టేసి తన పనిచోటికి ఒక ఫోను చేసింది. తర్వాత నా బల్ల దగ్గరికి వచ్చి కుర్చీ లాక్కుంది.

"కార్మిక శాఖ ఆఫీసు ఎన్నింటికి తెరుస్తారు?" అంది.

"పదిన్నరకి."

"ఆ అమ్మాయికి ఇచ్చిన ఉత్తరం ఫోటో తీసి పంపమన్నాను. నువ్వు చదివి ఎక్కడెక్కడ గీతలు పెట్టాలో పెట్టు. రేపు ముగ్గురం వెళ్దాం. నేను సెలవు చెప్పేశాను."

ఉత్తరం వచ్చింది. ఒకటిన్నర పేజీ. ఇప్పటికి మూడు చోట్ల గీశాను.